పోటు వేళ

ఆటు మొదలైన గంటకి దిగుతాం
పద్నాలుగుమంది ఆడవాళ్ళం,
రబ్బరు బూట్లు, బుట్టలు, ఇనప పళ్ళ దంతెలు.
అరౌసా ఖాతం నీళ్ళు వెనక్కి లాక్కుని
బూడిద రంగు ఇసకని మాకు వదిలేసే వేళ.

గుల్ల ఎక్కడుందో ఇసకే చెబుతుంది.
సూది మొనంత రెండు చిల్లులు, పక్కపక్కన:
కింద ఏదో ఊపిరి తీస్తోందని గుర్తు.
అమ్మ నాకు నేర్పిన చదువు ఇదొక్కటే.

సాంతియాగో ఆసుపత్రిలో డాక్టరు
నా పొట్ట ఫిల్ముని వెలుతురుకి పెట్టి
చాలాసేపు చూశాడు.
"ఏమీ కనిపించడం లేదు, సబేలా" అన్నాడు.
చిల్లులు వెతకండి, అందామనుకున్నాను.

ఏడేళ్ళ కిందట అపెండిక్స్ పగిలింది.
చీము కడిగారు, కుట్లేశారు, బతికించారు.
ఆ రుణం కాదనను.
కానీ మానడం కూడా ఒక పనే కదా,
ఒళ్ళు దాన్ని మరీ శ్రద్ధగా చేసింది.
పైన మానాక ఆగలేదు,
లోపల మానుతూనే పోయింది,
పేగుని పేగుకీ, పేగుని గోడకీ
ఎవరూ అడగని చోటల్లా అతుకేసుకుంటూ.
"కోసి విడదీయొచ్చు" అన్నాడు డాక్టరు, నిజాయితీపరుడు,
"ఆ కోత మానేటప్పుడు మళ్ళీ అతుక్కోవచ్చు."
చేతులు కడుక్కుని, తుడుచుకుని,
మళ్ళీ కడుక్కున్నాడు.

అందుకని ఇలా.
ఆకుకూర ఉడికించి, పిండి, నీళ్ళు మాత్రం నాకు.
పిప్పి మా ఆయన ఎలాదియోకి.
"ఇద్దరం కలిస్తే ఒక భోజనం" అంటాడు.
మొదటి ఏడాది ఆ జోకు బావుండేది.
రాత్రి ఎడమ పక్కకి తిరిగి, మోకాళ్ళు పొట్టలోకి.
వేడినీళ్ళ సంచి పెట్టీ పెట్టీ
బొడ్డు పక్కన చర్మం మీద
ఎర్రగా వల అచ్చు పడింది.
దాన్ని వేలితో తడిమి
"ఇందులో ఏ చేప పడుతుందే?" అన్నాడు.
నవ్వితే నొప్పి. అయినా నవ్వాను.

వంగలేను. వంగడమే మా పని.
మొదట్లో పంటి బిగువున వంగేదాన్ని,
ఒకసారి బుట్టతో సహా పడ్డాను,
మూడు కిలోలు నీళ్ళపాలు.
తర్వాత ఓ చలి పొద్దున ఒటీలియా,
ఇరవై ఏళ్ళుగా జానెడు ఇసక కోసం నాతో తగువాడే ఒటీలియా,
పాత పడవ దిండొకటి తెచ్చి నా ముందు పడేసింది.
"మోకాళ్ళ మీద తవ్వు. గుల్లలకి నీ ఎత్తుతో పనేంటి?"
అంతే, అటు తిరిగింది.
ఆ రోజు నుంచీ గట్టు పక్క మెత్తటి ఇసకలో
నేను తప్ప ఎవరూ దంతె వేయరు.
దాని గురించి ఎవరూ మాట్లాడరు కూడా.

తగ్గిందా? అని అడుగుతారు ఊళ్ళో.
తగ్గింది, అంటాను.
నీరు తగ్గితే సముద్రం పోయిందని ఇక్కడెవరూ అనుకోరు.

వంటగది గోడ మీద ఆటుపోట్ల పట్టిక,
పక్కనే పెన్సిల్‌తో నేను గీసుకున్నది:
పోటు వచ్చిన గంట, తిన్నది, వదిలిన గంట.
సముద్రం పట్టికలో ఇముడుతుంది.
నాది ఇమడదు. అయినా రాస్తాను.

మొన్నటిది పందొమ్మిది గంటలు.
వాంతి, చెమట, ఇనుములా బిగిసిన పొట్ట.
ఎలాదియో బూట్లు వేసుకుని
కారు తాళాలు పిడికిట్లో పట్టుకుని కూర్చున్నాడు.
"ఇంకో పది నిమిషాలు" అని నేను,
"అయిపోయాయి" అని అతను,
అలా తెల్లారబోతుండగా
ఎక్కడో లోతున గుడగుడమంది.
ముడి సడలింది.
అంత అసభ్యమైన చప్పుడు విని
ఇద్దరు పెద్దమనుషులు ఏడవడం
మా ఇంట్లో అదే మొదలు.

ఇవాళ ఆరుంపావుకి ఆటు.
దిండు మీద మోకరిల్లాను.
కుడివైపు కొంచెం లాగుతోంది, రోజూ లాగేంత.
ముందు రెండు చిల్లులు.
దంతె పక్కన పెట్టి వేళ్ళతో తవ్వాను, మెల్లగా.
చిన్నది. కొలతకి రాదు.
మళ్ళీ ఇసక కప్పాను.